ఉరితీసిన డ్రైవరు

అత్తగారికి చూపు మందగించాక, ఆవిడకి డిటెక్టివు నవలలు చదివి వినిపించే పని కోడలి నెత్తిన పడింది. ఒకటే డిటెక్టివు, అల్మారా నిండా భాగాలు. సాయంత్రం కుట్టుమిషను ఆపి, ఒంటిమీది దారప్పోగులు దులుపుకుని, మంచం పక్కన కూర్చునేది. చదవడం కష్టం కాదు. కష్టమల్లా అత్తగారే. కథ సగానికి రాకముందే "ఆ డాక్టరే చంపాడు, పో" అనేది. చచ్చినట్టు డాక్టరే అయ్యేవాడు. ఇక ఆవిడకి కథతో పనుండేది కాదు. "ఇంతకీ పొద్దున కూరలో ఉప్పు రెండుసార్లు వేసిందెవరు? అది తేలలేదు" అనేది.

ఒకరోజు కోడలికి ఒళ్ళు మండింది. అత్తగారు "మేనల్లుడే" అని తేల్చేసింది. పుస్తకంలోనూ మేనల్లుడే. కోడలు కళ్ళార్పకుండా, డిటెక్టివు కారు డ్రైవరే చంపాడని చదివింది. నోటికి ముందొచ్చినవాడు వాడే. ఊపులో ఉరి కూడా తీయించింది.

"డ్రైవరా? ఓరి వీడి దుంపతెగ! ఎంత నెమ్మదస్తుడనుకున్నాను!" అంది అత్తగారు. ఆ పూట వంక పెట్టకుండా తింది.

తరువాతి భాగం మొదటి వాక్యంలోనే డ్రైవరు కారు తలుపు తీశాడు.

కోడలు చప్పున అందుకుని, "కొత్త డ్రైవరు. పాతవాడి తమ్ముడు" అని చదివింది.

"పోన్లే, ఇల్లు గడవాలి కదా" అంది అత్తగారు.

ఇక చూసుకోండి. తమ్ముడికి పెళ్ళి చేయాల్సి వచ్చింది. పెళ్ళాం కడుపుతో ఉంది. పుస్తకంలో మేనల్లుడు జైలు నుంచి పారిపోయి వస్తే, కోడలు వాణ్ణి విహారయాత్ర నుంచి రప్పించింది. ప్రతి భాగంలోనూ హంతకుణ్ణి మార్చింది. అత్తగారు ప్రతిసారీ ఓడిపోయి, "రేపు మిషను తొందరగా ఆపవే" అనేది.

అంతలో కంటి ఆపరేషను కుదిరిందని కొడుకు కబురు తెచ్చాడు. ఇంటిల్లిపాదీ సంతోషించారు. కోడలికి మాత్రం గుండెల్లో రాయి పడింది. చూపొస్తే ఆవిడే చదువుకుంటుంది. చూపులేని మనిషి కళ్ళు కప్పావా అంటే ఏం చెప్పాలి? పైగా ఆ సాయంత్రాలు ఇక ఉండవని దిగులు. అది ఒప్పుకోవడానికి ఆమెకే సిగ్గేసింది.

కట్టు విప్పారు, కొత్త కళ్ళద్దాలొచ్చాయి. అత్తగారు సరిగ్గా ఆ మేనల్లుడి భాగమే తీసి కుర్చీలో కూర్చుంది. కోడలు మిషను దగ్గర ఒకే చొక్కాకి రెండు ఎడమ చేతులు కుట్టింది.

సాయంత్రానికి పుస్తకం మూతపడింది.

"మేనల్లుడే" అంది అత్తగారు.

"అవునత్తయ్యా."

"నేనప్పుడే చెప్పాను."

"చెప్పారు."

"డ్రైవరుకి తమ్ముడే లేడన్నమాట."

"లేడత్తయ్యా. తప్పయిపోయింది." కోడలికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

అత్తగారు కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టింది. ఇద్దరూ ఇంకా తెరవని భాగం తెచ్చి కోడలి చేతిలో పెట్టింది.

"ఏడుపు తరువాత. ఆ తమ్ముడి పెళ్ళానికి నెలలు నిండాయి. ఏం పుట్టిందో చదువు."