అయిదు నిమిషాల చప్పుడు

టెర్మినళ్ల మీద పేరుకున్న తెల్లపొడిని పాత టూత్‌బ్రష్‌తో గీకుతున్నాడు బ్యాటరీ మేస్త్రి. ఇరవై రెండేళ్లుగా అదే పని. యాసిడ్ చుక్కలకు చొక్కాలన్నీ చిల్లులే. చేతిలో ఉన్నది బావ మోటారు సైకిల్ బ్యాటరీ. ఈ నెలలో ఛార్జింగ్ దిగిపోయి పడుకోవడం ఇది రెండోసారి.

అతన్ని "బ్యాటరీల్లో నీళ్లు పోసి బతికేవాడు" అని ఆటపట్టించేది బావ ఒక్కడే. ఓసారి బండి నడుపుతానంటే, "ఇది నీళ్లతో నడవదోయ్" అని తాళం జేబులో వేసుకున్నాడు. అలాంటి మనిషి మూడు నెలలుగా మంచం దిగలేదు.

మధ్యాహ్నం ఛార్జింగ్ నిండిన బ్యాటరీని తీసుకెళ్లి బిగిస్తూ అక్కను ఆరా తీస్తే అసలు సంగతి తేలింది. రోజూ భోజనం వేళకు ఆమె బండి స్టార్ట్ చేసి అయిదు నిమిషాలు ఉంచుతోంది. అలా చేస్తే బ్యాటరీ నిండుతుందని ఆమె నమ్మకం. సెల్ఫ్ కొట్టినప్పుడు పోయే కరెంటు, బండిని నిలబెట్టి అయిదు నిమిషాలు ఇంజను ఆడిస్తే తిరిగి రాదు. దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ ఈ మాట చెప్పీ చెప్పీ అతని నోరు అరిగిపోయింది. తీరా సొంత అక్కకే చెప్పలేదు.

"వైరు పీకేస్తానక్కా. నెలకోసారి ఛార్జింగ్ పెడితే చాలు."

"ఆ చప్పుడు వినకపోతే మీ బావ ముద్ద మింగరురా," అంది అక్క.

దానికి అతని విద్యలో మందు లేదు. లోపలికెళ్లి మంచం పక్కన కూర్చుని, బండి రోజూ అరగంట రోడ్డెక్కితే తప్ప లాభం లేదని చెప్పాడు.  బావ దిండు కింద తడిమి, అక్కకు తప్ప ఎవరికీ ఇవ్వని తాళం తీశాడు.

"నువ్వే తిప్పుకురా. గేర్లు మెల్లగా మార్చు."

మేస్త్రికి సంతోషం కలగలేదు, ఆ తాళం బావ తనంతట తాను వదులుకోవడం చూసి భయం వేసింది.

ఇరవై నిమిషాలకే వెనక్కి తిరగాలనిపించింది. కానీ ఒప్పుకున్న పని సగంలో వదిలేయడం అతనికి ఏనాడూ చేతకాలేదు. గడియారం చూసుకుంటూ అరగంటా పూర్తి చేశాడు.

తిరిగొచ్చేసరికి అక్క మెట్టు మీద కూర్చుని ఉంది. ఆమె మొహం చూడగానే అతనికి అర్థమైంది.

"నువ్వు మలుపు తిరిగేదాకా విన్నారు. రెండు ముద్దలు తిన్నారు. మూడో ముద్ద కలిపేలోపే పోయారు," అంది.

 అతను ఏడుస్తూనే బండి ఆపడానికి చెయ్యి చాచాడు.

"ఆపకురా. ఇంకాసేపు ఉండనీ."

బండి స్టాండు మీద ఆడుతూనే ఉంది. దాని అద్దం సన్నగా వణుకుతోంది.