ట్యాంకులో సమ్మయ్య

బిందె వంచి నీళ్లు పోస్తుంటే, మోటార్‌సైకిల్ పెట్రోలు ట్యాంకు లోపలి నుంచి "చాలన్నా, మెడదాక వచ్చినయ్" అని మాట వస్తుంది. నేను బిందె దించుతాను.

స్టూలు మీద కూర్చున్న స్వరూప లేచి నిలబడుతుంది. "మా ఆయన గొంతు," అంటుంది. ఆమె భర్త సమ్మయ్య పోయిన ఎండాకాలం ఈ బండి మీదే కల్వర్టును గుద్దుకొని చనిపోయాడు. ట్యాంకు మీది సొట్టను చూడలేక, సాపు చేయించడానికి నా టింకరింగ్ షాపుకు తెచ్చింది.

ఏ పుట్టలో ఏ పాముందో అంటారు. ఈ ట్యాంకులో సమ్మయ్య ఉన్నాడు.

"సొట్ట నెత్తికి ఒత్తుతాంది," అంటాడు. "అప్పటిసంది మెడ వంచుకొనే కూసున్న. జర పైకి లేపన్నా."

లేపాలంటే సొట్టకు మంట పెట్టి, కడ్డీ అతికించి లాగాలి. మంట పెట్టాలంటే ట్యాంకు నిండా నీళ్లుండాలి. ఖాళీ ఉంటే అక్కడ పెట్రోలు ఆవిరి నిలుస్తుంది, నిప్పు తగిలితే షాపుతో సహా ఎగిరిపోతాం. బతికున్నవాళ్లు బతిమాలినా ఈ పద్ధతి తప్పలేదు నేను, పోయినవాడి కోసం తప్పుతానా?

"ఆయనకు ఈత రాదన్నా," అంటుంది స్వరూప. "ఒక్కపారి సచ్చిండు, సాలు. మల్ల సావనియ్య."

కొప్పు విప్పి, జడ కొసను ట్యాంకు మూతిలోకి వదులుతుంది. జడ బిగుసుకుంటుంది.

"దొరికిందా?" అని ట్యాంకు మూతిలోకి వంగి అడుగుతుంది.

"దొరికింది. ఇగ పొయ్యమను."

పోస్తాను. నీళ్లు అంచు దాటి పొర్లుతాయి, లోపల మాట ఆగిపోతుంది. మంట పెట్టి, కడ్డీ అతికించి లాగుతాను. రేకు ఠంగుమని లేస్తుంది. ట్యాంకు ఇప్పుడు నున్నగా ఉంది. సమ్మయ్యను పిలుస్తాను, పలకడు.

స్వరూప పెదవి బిగబట్టి జడను మెల్లగా లాగుతుంది. తను వదిలినదంతా బయటికొచ్చాక కూడా జడ వస్తూనే ఉంటుంది, గట్టిగా, కొత్తగా అల్లినది.

"ఆయన అల్లికే," అంటుంది, ఏడుస్తూ నవ్వుతూ. "ఎప్పుడు గింతే, నెత్తి గుంజేటట్టు అల్లుతడు."

నల్లజడ చుట్టలు చుట్టలుగా పడి, గడప దాటి, రోడ్డు మీదికి పోతుంది. ఆమె ఇంకా లాగుతోంది. ఆమె ముఖం ఇరవై ఆరేళ్లదే, ట్యాంకు మూతిలోంచి మాత్రం ఇప్పుడు తెల్లజడ వస్తోంది. పాయపాయకీ మల్లెమొగ్గలున్నాయి. నీళ్లలోంచి వస్తున్నా ఒక్కటీ తడవలేదు.