రాజమణి పేరున్న నాలుగు గిన్నెలు

నేను ఒక నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్‌ని. నా మీద ఎవరి పేరు కొట్టించాలన్న తగువు అప్పటికే అరగంటగా సాగుతోంది. జగిత్యాలలో ఒక గిన్నెల దుకాణం. పేర్లు చెక్కే అతను మిషను చేతిలో పట్టుకుని, ముందు మీరు తేల్చుకోండి అన్నట్టు చూస్తున్నాడు.

"ఇంటి సామాను మీద ఇంటాయన పేరుండాలె గని కోడలు పేరేందే?" అంది అత్త లచ్చవ్వ.

"వండేది నేను, కట్టేది నేను, తోమేది నేను. పేరు మాత్రం మీ కొడుకుదా అత్తమ్మా?" అంది రాజమణి.

ఆ కొడుకు లింబాద్రి నవ్వేశాడు. "రాయవోయ్, ఆమె పేరే రాయి. పోతే ఎతుక్కునేది గూడ ఆమెనే."

ఎనిమిదేళ్ల రవళి మాత్రం తల్లి పేరు నాలుగు గిన్నెల మీదా ఉండాలని పట్టుబట్టింది. ఒక్కదాని మీదే రాస్తే మిగతా మూడూ అలుగుతాయట. అందుకని ప్రతి గిన్నె అంచునా చుక్కలు చుక్కలుగా 'రాజమణి' అని పడింది.

ఆ తర్వాత పదేళ్లు పొలానికి వెళ్లాను. నాట్లప్పుడు కూలీలకు, కోతలప్పుడు లింబాద్రికి. రవళి కరీంనగర్ హాస్టల్లో ఉన్నప్పుడు ప్రతి ఆదివారం బస్సెక్కాను. మనుషులు చిత్రమైన వాళ్లు. చేతికి మందిస్తే ఎక్కడిదని అడుగుతారు, కాగితమిస్తే రెండుసార్లు చదువుతారు. ఇంటి నుంచి క్యారియర్ వచ్చిందంటే మాత్రం ఏమీ అడగరు. మూత తీసి తింటారు.

రవళి దినకర్‌ను పెళ్లి చేసుకుంది. అతను నిజామాబాద్‌లో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తాడు. మంచివాడే. కానీ అతని ఇల్లు దళితవాడలో ఉంది. ఆ ఒక్క మాటతో లింబాద్రి ఇంట్లో రవళి పేరు ఎత్తడం ఆగిపోయింది. ఏడాది పాటు వంటింటి మేకుకి వేలాడుతూ ఆ మౌనాన్ని నేనూ విన్నాను. రాజమణి వంట చేస్తూ చేస్తూ ఒక్కోసారి నా వైపు చూసి, కళ్లు తిప్పుకునేది.

ఒక పొద్దున లింబాద్రి చాయ్ తాగుతూ అన్నాడు. "ఎన్నొద్దులని ఇట్ల? పిల్లను పిలువు. ఒడిబియ్యం పోద్దాం."

పెళ్లయిన ఆడబిడ్డను పుట్టింటికి పిలిచి, ఒడిలో పసుపు బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, రవికె బట్ట పోసి పంపడం మా వైపు ఆచారం. ఒడిబియ్యం పోశారంటే ఇక ఆ ఇంట్లో ఆమె మీద కోపం లేనట్టే. రాజమణి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. తర్వాత నవ్వింది, ఏడ్చింది, మళ్లీ నవ్వింది.

ఫోన్లో రవళి గొంతు సన్నగా వినిపించింది. "బాపు నిజంగనే పిల్వమన్నడానే అమ్మా?"

"నా తోడు బిడ్డా. చిన్నబాపు కారు తీసుకొని వస్తుండు. నా క్యారియర్ పంపుతున్న, నువ్వు తిని ఎక్కు."

తనే వెళ్తానంది రాజమణి. ఇంట్లో పనుంది, నువ్వుండు అన్నాడు లింబాద్రి. ఆమె గారెలు, భచ్చాలు, పులిహోర, పప్పుచారు నాలో సర్దింది. లింబాద్రి తమ్ముడు రాజేశం నన్ను కారు ముందు సీట్లో పెట్టుకున్నాడు. దారి పొడుగునా అతను ఒక్క మాట మాట్లాడలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. కానీ నేనూ ఆ ఇంటి సామానునే కదా, నమ్మాను.

రవళి గదిలో సామాను ఎక్కువ లేదు. నన్ను చూడగానే ఆమె ముఖంలో భయం పోయింది. "అమ్మ క్యారియరే!" అంది. చిన్నబాపును చూసి నవ్వలేదు, నన్ను చూసి నవ్వింది. పులిహోర, పప్పుచారు గిన్నెలు డ్యూటీలో ఉన్న దినకర్‌కని అక్కడే ఉంచింది. మిగతా రెండు గిన్నెల్లోవీ చిన్నబాపుకు పెట్టి, తానూ తిని, గిన్నెలు కడిగింది. ఖాళీ గిన్నె పుట్టింటికి తీసుకెళ్లకూడదని ఒకదాంట్లో తను చేసిన నువ్వుల ముద్దలు ఆరు పెట్టింది. సొంఠి వేసి నువ్వుల ముద్దలు చేసేది ఆ పుట్టింటి మొత్తంలో ఆమె ఒక్కతే.

కారులో నన్ను ఒళ్లో పెట్టుకుంది. ఊరికి రెండు మైళ్ల దూరంలో కాలువ గట్టు మీద కారు ఆగింది. ఎదురుగా లింబాద్రి నిలబడి ఉన్నాడు.

"బాపు ఎదురొచ్చిండు!" అంది రవళి. నన్ను సీటు మీద పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా దిగింది. వెనకే రాజేశం దిగాడు. తలుపు మూసుకుంది.

ఆమె 'బాపూ' అని రెండుసార్లు పిలిచింది. మొదటి పిలుపులో సంతోషం ఉంది.

తర్వాత రాజేశం ఆమె చెప్పులు, ఫోను, సంచి కాలువలోకి విసిరేశాడు. నన్ను విసరలేదు. మంచి స్టీలు సామాను పారేసే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు. కూతుర్ని పారేశారు, క్యారియర్‌ని ఇంటికి తెచ్చుకున్నారు.

"తాళమేసున్నది వదినె. ఎవ్వరు లేరు. ఎనకకొచ్చిన," అన్నాడు రాజేశం, నన్ను వంటింటి గట్టు మీద పెడుతూ.

"రెండు గిన్నెలు తక్కువున్నయేంది?"

"కార్ల పడ్డయేమో. చూస్త తియ్యి."

రాజమణి మూత తీసింది. ఒక ముద్ద తుంచి నోట్లో వేసుకుంది. నాలుకకు సొంఠి తగిలి ఆ చెయ్యి నోటి దగ్గరే ఆగిపోయింది. పెరట్లో లింబాద్రి బోరు కింద స్నానం చేస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

మర్నాడు తూము దగ్గర రవళి దొరికింది. పోలీసులొచ్చి అడిగితే ఇంటిల్లిపాదీ ఒకే మాట చెప్పారు. ఏడాదిగా ఆ పిల్లతో మాకు మాటల్లేవు, మా ఇంటి నుంచి ఎవరూ వెళ్లలేదు అని. రాజమణిని అడిగితే "నాకేం తెల్వదు" అంది. నన్ను మోసం చేసిన వాళ్లలో ఆ రోజు ఆమెను కూడా కలుపుకున్నాను. ముద్దల్ని కాగితంలో చుట్టి, నాలో పెట్టి, అటకెక్కించింది.

నిజామాబాద్‌లో ఉన్న నా రెండు గిన్నెల్ని దినకర్ పోలీసులకు ఇచ్చాడు. వాటిని బట్టలో చుట్టి, లక్క ముద్ర వేసి, నంబరు కట్టారు. అలా నేను రెండు చోట్ల బతుకుతున్నాను, సగం అటక మీద, సగం కోర్టు గదిలో. ప్రతి వాయిదాకూ దినకర్ డ్యూటీకి సెలవు పెట్టుకుని వచ్చి కూర్చుంటాడు. ఒకసారి మూట విప్పినప్పుడు కోర్టు అటెండరు నన్ను వేలితో తట్టి, "గేజు మంచిది సారూ, ఇప్పుడిట్ల రావు" అన్నాడు. మూడేళ్లలో అక్కడ నా గురించి ఎవరైనా అన్న మంచి మాట అదొక్కటే.

అరెస్టయిన అన్నదమ్ములిద్దరూ బెయిలు మీద ఇంటికొచ్చారు. రాజమణి వాళ్లకు వండి పెట్టింది. వాళ్లు తిన్నారు, ఉప్పు తక్కువైందని కూడా అన్నారు.

పోయిన వారం రాజమణికి సాక్ష్యం కోసం సమన్లు వచ్చాయి. వాళ్ల వకీలు ఇంటికే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. "గిన్నెల మీద మీ పేరున్నదమ్మా, అదొక్కటే చిక్కు. మీరు ఒక్క మాట చెప్తే చాలు. ఇంట్లకెళ్లి పోయిననాడే పిల్ల ఆ గిన్నెలు దొంగతనంగా ఎత్తుకపోయింది అని."

"చెప్తది," అన్నాడు లింబాద్రి. "దొంగదే గద."

"ఏదీ, ఒక్కసారి నా ముందట అనుండ్రి," అన్నాడు వకీలు.

రాజమణి అనలేదు. చాయ్ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. అంతకుముందు రోజుల్లో ఆమె అలా వెళ్లిపోయాక ఏడ్చేది. ఆ రోజు ఏడుపు వినిపించలేదు.

ఇవాళ మధ్యాహ్నం అందరూ అన్నాలకు కూర్చున్నారు. వాయిదా రేపే.

"వదినె కోర్టుల బెదిరి మాట మరుస్తదేమో. చేతి మీద రాసిద్దామానే అన్నా?" అని నవ్వాడు రాజేశం.

రాజమణి అందరికీ వడ్డించింది. తర్వాత స్టూలు వేసుకుని అటక మీది నుంచి నన్ను దింపి, కొంగుతో దుమ్ము తుడిచి, వాళ్ల కంచాల మధ్య పెట్టింది. రాజేశం నవ్వు ఆగింది.

"రేపు నేను మీ కార్ల రాను," అంది. గొంతు పెంచలేదు. "పొద్దుగాల ఏడు గంటల బస్సుకు పోత. నా బిడ్డ ఏం ఎత్తుకపోలే. నేనే పంపిన. పిలువుమన్నది ఈయన, తీసుకపోయింది రాజేశం. దాని చేతి ముద్దలతోని క్యారియర్ ఎనకకొచ్చింది సుత చెప్త. ఇన్నొద్దులు చెప్పకపోవుడు నా తప్పు, అది గూడ చెప్త."

"రాజమణీ!" అన్నాడు లింబాద్రి. చేతిలో ముద్ద కంచంలో పడింది.

"నా ఇద్దరు కొడుకులనే," అంటూ లచ్చవ్వ గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఇద్దరినీ జైల్ల ఏపిస్తవానే?"

"నాకు ఒక్కతే ఉండె అత్తమ్మా."

రాజమణి నన్ను చేతిలోకి తీసుకుని గడప దగ్గర ఒక క్షణం ఆగింది.

"వాయిదా అయినంక నేను మళ్ల ఇటు రాను. పొయ్యి మీద చారున్నది. సల్లారక ముందే పోసుకోండ్రి."