మెట్టు మీది కుండీ

మా ఊళ్లో మనీ ప్లాంట్‌ని దెయ్యపు తీగ అంటారు, ఎంత చంపినా చావదని. చావకేం, నిక్షేపంగా చస్తుంది. చావుకి దగ్గరపడ్డ ప్రతి కుండీ నా గుమ్మానికే వస్తుంది కాబట్టి నాకు తెలుసు. ఆస్ట్రేలియాలోని ఈ బల్లారట్‌లో మా వీధి మొత్తానికి నేనే మొక్కల డాక్టర్ని. ఫీజు తీసుకోను, తిట్లు మాత్రం తప్పవు.

మాకు చలి ముదిరే జులైలో ఒక పొద్దున్న పక్కింటి నోలీన్ కుండీ ఎత్తుకుని వచ్చింది. చూడగానే నా ప్రాణం ఉసూరుమంది. అది టెగన్ మొక్క. టెగన్ నోలీన్ కూతురు. పోయిన నవంబరులో కారు చెట్టుకు గుద్దుకుని పోయింది. కారు నడిపింది ఎదురింటి కోరల్ కొడుకు, టెగన్‌తో తిరుగుతున్న కుర్రాడే. తాగి నడిపాడు. వాడు బతికి జైల్లో ఉన్నాడు. అప్పట్నుంచి నోలీన్ వీధివైపు కిటికీ తెర తియ్యలేదు.

"బెవ్, దీన్ని ఎలాగైనా బతికించు," అంది. "ఆకులన్నీ పసుపెక్కి రాలిపోతున్నాయి."

మట్టిని వేలితో నొక్కితే నీళ్లు ఊరాయి. మురుగు వాసన కూడా వచ్చింది.

"రోజూ పోస్తున్నావా?"

"పొద్దున్నే ఒక కప్పు. అది అలాగే పోసేదిగా."

వెనకాలే వచ్చిన ఆమె మొగుడు డెస్ గుమ్మం దగ్గర గొంతు సవరించుకున్నాడు. "సాయంత్రాలు నేనూ పోస్తున్నా," అన్నాడు నేలకేసి చూస్తూ.

నోలీన్ గిరుక్కున తిరిగి అతన్ని చూసింది. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకరికి తెలియకుండా ఒకరు, కూతురి పేరెత్తాల్సి వస్తుందని భయపడి, ఇద్దరూ దొంగచాటుగా నీళ్లు పోశారు.

"ముద్దు చేసి ముంచేశారు కదయ్యా ఇద్దరూ," అన్నాను. అనకూడని మాటే. నా నోటికి అదుపు లేదని వీధిలో అందరికీ తెలుసు.

కుండీ బోర్లించాను. వేళ్లన్నీ నల్లగా, జిగటగా ఉన్నాయి. పట్టుకుంటే పైతోలు ఊడి చేతికొచ్చింది. తీగ నానిన బిస్కెట్టులా మెత్తబడిపోయింది. ఒక్క మంచి కణుపు దొరికితే చాలు, నీళ్లలో పెట్టి మళ్లీ లేపుతాను. కత్తెరతో కోసుకుంటూ కొస దాకా పోయాను. దొరకలేదు.

"కంగారు పడకు, ఇంకోటుంది," అని నోలీన్ ఇంట్లోకి పరుగెత్తి టెగన్ కాఫీ కప్పు తెచ్చింది. అందులో ఒకే ఒక్క ఆకు, కాడతో సహా. అడుగున తెల్లటి వేళ్లు. "రాలిపోతే నేనే వేశాను. చూడు, ఎంత బాగా వేళ్లొచ్చాయో!"

ఎనిమిది నెలల తర్వాత ఆ ముఖంలో వెలుగు చూశాను. దాన్ని ఆర్పే పని నా నెత్తిన పడింది.

"ఇందులో కణుపు లేదు నోలీన్. ఉత్త ఆకుకి వేళ్లొస్తాయి, చిగురు రాదు. ఏళ్ల తరబడి ఇలాగే ఉంటుంది. పెరగదు."

ఆమె కప్పు కిందికి దించింది. "ఇంకెక్కడా లేదా ఇది?" అంది.

ఎక్కడుందో ముగ్గురికీ తెలుసు. టెగన్ ఆ కుర్రాడికి ఇచ్చిన ముక్క కోరల్ ముందుగదిలో ఉంది.

"ఆ ఇంటి గడ్డిపోచ కూడా నాకొద్దు," అంది నోలీన్, నేనేమీ అనకుండానే. గేటు దాకా వెళ్లి ఆగింది. "బాగానే ఉందా అది?"

"కర్టెన్ కమ్మీ దాకా పాకింది."

"అలాగా," అని వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నమే రోడ్డు దాటాను. కోరల్ తలుపు సందులోంచి చూసింది. చిక్కి సగమైపోయింది. విషయం చెప్పాను.

"ఓ ముక్క ఇవ్వు, నేను పట్టుకెళ్తా."

"ముక్కెందుకు, మొత్తం ఇస్తాను. ఇది ఉంచుకునే మొహమా నాది?" అంది. "కానీ నేనే ఇస్తాను బెవ్. ఈ ఒక్కటైనా నా చేత్తో ఇవ్వనీ."

"సరే. వెళ్లి తలుపు కొట్టు."

"కొడతా," అంది.

మా దగ్గర ఎవరైనా పోతే, ఆ ఇంటి మెట్టు మీద వండిన లాజానియా పళ్లెం పెట్టి చప్పుడు చెయ్యకుండా వెళ్లిపోతాం. ఏడ్చేవాళ్లని కదిలించకూడదని. నవంబరులో నోలీన్ మెట్టు మీద కాలు పెట్టే చోటు లేదు. కోరల్ మెట్టు మీద ఒక్క పళ్లెమూ లేదు. మర్యాద అంటాం దీన్ని. టెగన్ పోయిన కబురు చెప్పడానికి పోలీసులు కొట్టాక నోలీన్ ఇంటి తలుపు మళ్లీ ఎవరూ కొట్టలేదు.

పొద్దున లేచేసరికి గడ్డి అంతా మంచు పేరుకుని తెల్లగా ఉంది. "బెవ్!" అని కేక వినబడి నైట్‌గౌనుతోనే పరుగెత్తాను. నోలీన్ మెట్టు మీద కోరల్ కుండీ ఉంది. అంత పెద్ద తీగా నల్లబడి, ఉడికిన ఆకుకూరలా కుండీ అంచుల మీంచి వేలాడుతోంది. వేడి దీవుల్లో పుట్టిన మొక్కని రాత్రంతా గడ్డకట్టే చలిలో పెడితే ఏమవుతుంది?

కత్తెర తెచ్చాను. కొస నుంచి మొదలుపెట్టి మట్టి దాకా కోశాను. ప్రతి కణుపులోంచీ నీళ్లే కారాయి. మట్టి తవ్వి చూశాను. అడుగు దాకా బిగుసుకుపోయింది.

"ఒక్కటైనా?"

"లేదు నోలీన్."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కుండీ ఎత్తుకుని, ఇంటి చెప్పులతోనే, జారే రోడ్డు మీద నడుచుకుంటూ ఎదురింటికి వెళ్లింది. ఏం చేస్తుందోనని వెనకాలే వెళ్లాను. ఆమె పిడికిలి బిగించి తలుపు మీద బాదింది.

కోరల్ తలుపు తీసింది. కుండీ చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"చీకటి పడ్డాక తెచ్చాను... మెట్టు దాకా వచ్చాను. చెయ్యి లేవలేదు. ఏ మొహంతో కొట్టను? నిన్ను కదిలించకూడదని..."

"రాత్రి నేను వంటింట్లోనే ఉన్నాను," అంది నోలీన్. "ఆ వెధవ కప్పు ముందు పెట్టుకుని, ఒక్కదాన్నే. లైటు కూడా వెలుగుతోంది కదా. తలుపు కొట్టాల్సింది, కోరల్."