నడిమి పేజీలో ఖాళీ గడి

పొద్దున్నే వచ్చి కూర్చుంటే సుమతికి అక్షరాలు లావు చెయ్యడంతోనే సరిపోతుంది. మచిలీపట్నం కోనేరు సెంటర్ దగ్గర మేడమీది గదిలో, పెద్దవయసు వాళ్ళ కోసం వచ్చే ‘చల్లపూట’ మాసపత్రికకి పేజీలు పెడుతుంది. అక్షరం పెద్దదిగా ఉండాలి, వరసలు ఎడంగా ఉండాలి, కాగితం మెరవకూడదు. బొమ్మ మీద అక్షరాలు ఎక్కించమని ఎవరైనా అంటే ఆవిడకి ఒళ్ళు మండుతుంది.

నడిమి పేజీలో మాత్రం ఒక గడి ఖాళీగా ఉంటుంది. మొదటి సంచికలో ఫొటో పెట్టడం మర్చిపోతే మిగిలిన గడి అది. పేజీ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ తాలూకు చనిపోయిన మనిషి అందులో కనిపిస్తారు, పోయేనాటికి ఎలా ఉన్నారో అలాగే. దివిసీమ ఉప్పెనలో పోయినవాళ్ళకి ఫొటోలెక్కడివి? “ఈ నెల మా అన్నయ్య వచ్చాడండీ, కాస్త మసగ్గా ఉన్నాడు,” అని ఫోన్లు వస్తే సుమతి గడి కొంచెం పెద్దది చేసింది.

యజమాని గిరిధర్‌కి మాత్రం ఆ గడి చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

“మోకాళ్ళ నూనెవాళ్ళు ఆ చోటే అడుగుతున్నారు సుమతిగారూ. ఖాళీగా ఎందుకండీ?”

“ఖాళీ ఎక్కడండీ? మీ నాన్నగారు రావట్లేదా?”

“వస్తున్నారు. వచ్చి నావంక గుర్రుగా చూస్తున్నారు,” అని గొణిగి ఊరుకున్నాడు.

అచ్చుకి వెళ్ళేముందు నమూనా పేజీలు పట్టుకుని సుమతి బస్సులో నాగాయలంక వెళ్తుంది. చూపు ఆనుతుందో లేదో పాఠకుల చేతికిచ్చి చూడాలి కదా. అందరి ఇళ్ళూ అయ్యాక, తను పిన్నీ అని పిలిచే ముసలావిడ రత్నం దగ్గరికి. ఉప్పెననాడు రత్నం చేతిలోంచి చిన్నచెల్లెలు కనకం జారిపోయింది. శవం దొరకలేదు. మిగిలినవాళ్ళంతా మెరకకి మారిపోయినా, పిల్ల వెతుక్కుంటూ వస్తే ఈ గుమ్మమే గుర్తుంటుందని రత్నం పెళ్ళి కూడా మాని అక్కడే ఉండిపోయింది. గడిలోకి ఒక నెల అమ్మ వస్తుంది, ఒక నెల నాన్న. కనకం రాదు. రానందుకే రత్నానికి సంతోషం.

“లేదమ్మాయ్. ఇంకా ఎక్కడో ఉంది,” అని పేజీ కళ్ళకద్దుకునేది.

ఈసారి పేజీ తీసుకుని రత్నం కళ్ళకద్దుకోలేదు. సుమతి వంగి చూసింది. గడిలో జుట్టు నెరిసిన ఆడమనిషి ఉంది. ముక్కుపుడక, మెళ్ళో పసుపుతాడు.

“ఎవరు పిన్నీ?”

“కనుబొమ చూడు. నేను ఎత్తుకున్నప్పుడే పడవంచు తగిలి చీలింది. కనకం. ఇన్నాళ్ళూ రాలేదంటే ఈ నెల్లోనే పోయింది.”

మోకాళ్ళ నూనె ప్రకటనే వేసుంటే బాగుండేదని సుమతికి మొదటిసారి అనిపించింది. ఆవిడకి ఏడుపొచ్చింది. రత్నం ఏడవలేదు. చావు కబురు విన్నవాళ్ళు చేసినట్టే కట్టుబట్టలతో బోరింగు కింద నిండా తడిసి, వణుకుతూ వచ్చి గుమ్మంలో కూలబడింది.

“ముసలిదయ్యేదాకా బతికింది. ఏదో ఊళ్ళో ఉంది. నేను దానికోసం ఇక్కడ కూర్చున్నా. అది నాకోసం అక్కడ కూర్చుందేమో. ఇద్దరం కూర్చునే ఉన్నాం. ఒక్కనాడైనా లేచి ఎతికానా అమ్మాయ్?”

సుమతి లోపల్నుంచి పొడిచీర తెచ్చిచ్చింది.

రత్నం చీర మార్చుకుంది. పేజీ మడవకుండా గుండెకానించుకుని, తలుపు కూడా వెయ్యకుండా సుమతి వెంట బయల్దేరింది. “పెద్దకర్మ ఇంకా అవలేదేమో. ఎవరో ఒకరు ఎరిగుంటారు,” అంది.

బస్సు కదిలాక కండక్టర్ వచ్చాడు. “ఎక్కడికమ్మా?”

“మా చెల్లెలింటికి బాబూ. ఇదుగో, ఈవిడే. ఎక్కడైనా చూశావా?”

అతను పేజీకోసం చెయ్యి చాపాడు.

“నువ్వు పట్టుకోకు బాబూ, మీవాళ్ళొచ్చేస్తారు. నా చేతిలోనే చూడు.”

అతను వంగి శ్రద్ధగా చూశాడు. తెలీదమ్మా అన్నాడు. రత్నం పక్కసీటు వైపు తిరిగింది.