ఎడమచేతి గిటారు

పొయ్యి మీద కుక్కర్ పెట్టాక మూడో కూత వచ్చేలోపు ఆమెకు పన్నెండు నిమిషాలు దొరుకుతాయి. ఆ పన్నెండు నిమిషాలూ వంటింటి స్టూలు మీద కూర్చుని గిటారు వాయిస్తుంది. అది ఎలక్ట్రిక్ గిటారు, చెల్లెలిది. స్పీకరు పెట్టెకు తగిలించకపోతే దాని గొంతు దోమ గొంతు కంటే కాస్త పెద్దది, అంతే. చెల్లెలు చనిపోయిన నెలకి ఆ పిల్ల భర్త దాన్ని సంచీలో పెట్టి పంపాడు, "ఇంట్లో చోటు చాలడం లేదు వదినా" అని. స్పీకరు పెట్టె మాత్రం టీవీకి తగిలించుకుని ఉంచేసుకున్నాడు. దానికి చోటు చాలింది.

చప్పుడు లేని వాయిద్యం కావడం ఇంట్లో అందరికీ నచ్చింది. "సంగీతం అంటే ఇలా ఉండాలి, ఎవరికీ వినపడకుండా" అన్నాడు భర్త. అలాగని సలహాలు ఆగలేదు. ఎనిమిది నెలలైనా ఒక చిన్న వరుస తప్ప రాకపోయేసరికి, అది పుట్టుకతో రావాల్సిన విద్య అని ఆయన తేల్చాడు. అత్తగారు ఇంకాస్త దయగా, "నలభై దాటాక వేళ్ళు వంగవమ్మాయ్. నీ తప్పు కాదులే" అన్నారు. ఆమె రెండూ నమ్మింది. వేళ్ళు కాయలు కాశాయి, భుజం పట్టేసింది, మీటే చెయ్యి తాళానికి ఎప్పుడూ అరక్షణం ఆలస్యంగా వచ్చేది. చెల్లెలు నవ్వుతూ వాయించిన వస్తువు తన చేతిలో ఇలా మొరాయిస్తోందంటే లోపం తనదేనని ఆమె అనుకుంది. చాలా విషయాల్లో ఆమెకు ముందు తోచే కారణం అదే.

ఒకరోజు తీగ తెగింది. కొత్త తీగ వేయించడానికి ఆ సాయంత్రం డ్యూటీ దిగి షాపుకి వెళ్ళింది. షాపాయన గిటారు సంచీలోంచి తీసి, తిప్పి, మళ్ళీ తిప్పి చూశాడు.

"మేడమ్, మీది ఎడమచేతి వాటమా?"

"కాదండీ."

"ఇది ఎడమచేతివాళ్ళకి చేసిన మోడల్. మరి ఎలా వాయిస్తున్నారు?"

"కష్టంగా" అంది ఆమె.

ఎనిమిది నెలలు ఈ సంగతి ఎలా తెలియలేదని తర్వాత అందరూ అడిగారు. తెలియకపోవడం చాలా సులువుగా జరిగింది. ఫోన్లో పాఠాలు చెప్పే మాస్టారు ఎదురుగా కూర్చుంటాడు. ఆయన గిటారు మెడ, వేళ్ళతో తీగలు నొక్కే పొడవాటి కర్ర, ఆమెకు కుడివైపున కనిపిస్తుంది. ఆమె గిటారు మెడా కుడివైపే. అద్దంలో చూసుకున్నట్టు సరిగ్గా సరిపోయింది. చెల్లెలూ అలాగే పట్టుకునేది. అనుమానం రావడానికి సందే లేదు.

షాపాయన ఒక మాట చెప్పాడు. ఎడమచేతి గిటార్లు అరుదు. ఒక అమ్మాయి రెండేళ్ళుగా అడుగుతోంది. ఇది ఇచ్చేస్తే బదులుగా కుడిచేతి మోడల్, కొంచెం తేలికైనది, ఇస్తానన్నాడు. ఆలోచించుకుని చెబుతానని, కొత్త తీగ వేయించుకుని ఆమె వచ్చేసింది.

భర్త నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ సాయంత్రం నలుగురికి ఫోన్ చేసి నాలుగుసార్లూ మొదటినుంచి చెప్పాడు. "చెప్పు కూడా కుడిది ఎడమకి వేసుకుంటే తెలుస్తుంది కదా" అన్న వాక్యం నాలుగోసారికి బాగా నునుపు తేలింది. మర్నాటికల్లా గిటార్ల గురించి చదివేసి, "మార్చేయి. ఇందులో ఆలోచించేదేముంది? నేను మొదటే అన్నాను, ఏదో తేడాగా ఉందని" అన్నాడు. ఆయన మొదట అన్నది వేరు. ఆమె గుర్తు చేయలేదు.

"చచ్చి స్వర్గాన ఉన్న పిల్ల గుర్తు, మార్చేస్తావా?" అన్నారు అత్తగారు. "ఉంచుకో. వాయించకపోతే సరి."

ఆమె పనిచేసేది పళ్ళ డాక్టరు దగ్గర. పద్నాలుగేళ్ళుగా ఆయనకి ఎడమ పక్కన కూర్చుని, కుడిచేత్తో రోగి నోట్లో లాలాజలం లాగే గొట్టం పట్టుకుని, ఎడమచేత్తో పనిముట్లు అందిస్తోంది. డాక్టరు చెయ్యి చాపుతాడు, తల తిప్పడు. కావలసింది ఆ చేతిలో ఉంటుంది. రోగులు లేచి డాక్టరుకి దణ్ణం పెట్టి వెళతారు. ఆ వారమంతా ఆమె అందిస్తూనే ఉంది, ఆలోచిస్తూనే ఉంది. ఒకసారి అద్దం అడిగితే దూది అందించింది. "ఏమైంది నీకు?" అన్నాడు డాక్టరు. పద్నాలుగేళ్ళలో ఆయన ఆమెను అడిగిన మొదటి సొంత ప్రశ్న అది. జవాబు వినకుండానే డ్రిల్లు వేశాడు.

ఆమెకు గుర్తొస్తున్నది ఒక్కటే. తనకు పదేళ్ళు, చెల్లెలికి ఆరు. "దాని ఎడమచెయ్యి మాన్పించే పూచీ నీది" అంది అమ్మ. ఆమె పెద్దపిల్ల. బుద్ధిమంతురాలు. హోంవర్కు వేళ చెల్లెలి ఎడమచేతిని బడి రిబ్బనుతో కుర్చీకి కట్టింది. ముడి బాగా వేసింది, ఆ విషయంలో ఆమెకు అప్పట్లో గర్వం కూడా ఉండేది. చెల్లెలు ఏడవలేదు. పెన్సిలు నోట్లో పెట్టుకుని రాసింది. అక్షరాలు కోడి కెలికినట్టు వచ్చాయి, పుస్తకం ఎంగిలయింది, టీచరు ఇద్దరినీ నిలబెట్టింది. అంత జరిగినా కుడిచెయ్యి మాత్రం వాడలేదు. పెద్దయ్యాక, మొదటి జీతంతో ఈ గిటారు కొనుక్కుని ఫోన్ చేసింది. "అక్కా, దీన్ని నా చేతికి చేశారే." ఆమె సరేలే అంది. అప్పుడు పాలు పొంగుతున్నాయి. ఆ మాటకి అర్థం షాపాయన చెప్పాకే తెలిసింది.

ఆ గిటారు ఉంచుకుంటే చెల్లెలు ఉన్నట్టే ఉంటుందని ఆమె ఎనిమిది నెలలు అనుకుంది. కష్టపడేకొద్దీ ఇంకా ఎక్కువ ఉన్నట్టు. భుజం నొప్పిని కూడా ప్రేమ లెక్కలోనే వేసింది.

శనివారం షాపుకి వెళ్ళారు. భర్త కూడా వచ్చాడు, "నిన్ను మోసం చేస్తారు" అని. షాపాయన కుర్చీ ఆయనకే వేశాడు. ఏ మోడల్ కావాలి సార్ అని ఆయన్నే అడిగాడు. చెక్క గురించీ తీగల గురించీ ఇద్దరూ పావుగంట మాట్లాడుకున్నారు.

"సార్, మీరు ఎన్నాళ్ళుగా వాయిస్తున్నారు?"

"నేనా? నాకు రాదు" అన్నాడు భర్త. ఆమె అవతలి మూలకు వెళ్ళి, గోడకున్న గిటార్లను ఒక్కొక్కటీ చూసి, ఒక ఆకుపచ్చ గిటారు దించుకుని కూర్చుంది.

మొదట చేతులు రెండూ తగువులాడుకున్నాయి. ఏది నొక్కాలో ఏది మీటాలో తెలియక ఒకదాని పనిలోకి ఒకటి దూరాయి. అరగంటకి సర్దుకున్నాయి. తర్వాత కుడిచెయ్యి తనంతట తాను తాళంలో పడింది. ఇంట్లో నాలుగు నెలలు పట్టిన ఆ చిన్న వరుస మొదటినుంచి చివరిదాకా, ఎక్కడా ఆగకుండా వచ్చింది. స్పీకరు తగిలించి ఉండటంతో షాపంతా వినపడింది. ఆమెకు సంతోషం కలగాలి. కలిగింది కోపం. ఇంత సులువా. వేళ్ళు వంగుతాయి. తాళం తెలుసు. పుట్టుకతో రాకపోయినా పరవాలేదు.

"ఇది తీసుకుంటాను" అంది. "కానీ ఆ అమ్మాయిని చూశాకే నాది ఇస్తాను."

ఫోన్ చేస్తే ఆ అమ్మాయి పరుగున వచ్చింది. ఆసుపత్రిలో రక్తం తీసే ఉద్యోగం, ఇంకా యూనిఫారంలోనే ఉంది. "నేను ఎడమచేత్తో సూది తీస్తే సగంమంది భయపడి వేరేవాళ్ళని పిలవమంటారండీ" అంటూ గిటారు ఒళ్ళోకి తీసుకుని, మెడ కుడివైపు పెట్టి, తల కాస్త వంచి మీటింది.

ఆమె గోడకి వేలాడుతున్న గిటారు పట్టీల వైపు తిరిగి, వాటి రంగులు కాసేపు చూసింది. ఎరుపు, నలుపు, గోధుమ. తిరిగి ఇటు చూసేసరికి అమ్మాయి ఇంకా వాయిస్తోంది.

"ఒక తీగ కొత్తది" అంది ఆమె. "ఉంచుకో. ఎవరైనా చెయ్యి మార్చమంటే మార్చకు."

"మార్చడం రాదండీ నాకు" అంది అమ్మాయి.

ఆకుపచ్చ గిటారుతో బాటు చిన్న స్పీకరు పెట్టె కూడా కొంది. ఆటోలో భర్త పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అది ఆయన మోకాళ్ళకి గుచ్చుకుంటోంది.

"చూశావా, ఎంత తేలికైపోయిందో" అన్నాడు. "నీ చేతికి సరిపడే వస్తువు తెచ్చుకోవాలి గానీ ఊరికే కష్టపడితే ఏం లాభం? ఇప్పటికైనా తెలిసింది కదా."

"తెలిసింది" అంది ఆమె. "ఇంట్లో నా చేతికి సరిపడనివి ఇంకా ఏమేం ఉన్నాయో రేపటినుంచి ఒక్కొక్కటీ చూస్తాను."

"ఎలాంటివి?"

ఆమె షాపులో గోడకున్న గిటార్లను చూసినట్టే, తొందర లేకుండా, ఆయన్ని పైనుంచి కిందికి ఒకసారి చూసింది.