గొట్టం మీద పేరు

మా చేనేత సంఘం షెడ్డులో ఫ్యాన్లకు కొదవ లేదు. ప్రతి ఫ్యాను రెక్క మీదా ఎర్ర రంగుతో ఒక పేరుంటుంది, పేరుకు ముందు కీర్తిశేషులు అని ఉంటుంది. విజయవాడ వన్ టౌన్‌లో మా చీరలు కొనే షావుకార్లు తమ పెద్దల జ్ఞాపకార్థం ఇచ్చినవి అవి. ఏడాదికోసారి వచ్చి, తలెత్తి పేరు చూసుకుని, ఫొటో దిగి వెళతారు. మేం మాత్రం వాటిని వెయ్యం. ఆ గాలికి మగ్గం మీది పడుగు ఆరిపోతుంది, ఆరితే పోగు పుటుక్కున తెగుతుంది. ఈ సంగతి షావుకార్లకు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. చీరలు కొనేది వాళ్ళే గదా.

కిందటి మే నెలలో సాంబమూర్తి నేస్తూ నేస్తూ మగ్గం మీదకే వాలిపోయాడు. మావి గుంటమగ్గాలు. కాళ్ళు గోతిలో చల్లగానే ఉన్నాయి, తల మాత్రం రేకుల కింద ఉడికిపోయింది. బందరు ఆస్పత్రిలో డాక్టరుగారు ఆయన భార్య సుబ్బరత్నానికి దాపరికం లేకుండా చెప్పేశారు. ఇంకో ఎండాకాలం ఆ రేకుల కింద నేస్తే మనిషి దక్కడన్నారు. ఇంటికొచ్చిన మర్నాడే సాంబమూర్తి మళ్ళీ మగ్గంలో దిగాడు. ఒకరు చెబితే వినే రకం కాదు. అప్పట్నుంచి సుబ్బరత్నం తడిగుడ్డ పట్టుకుని ఆయన పక్కనే పీట వేసుకుని కూర్చునేది. ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగితే చాలు, ఆ గుడ్డ ఆయన నెత్తిన వేసేది.

ఏసీ పెడదామంటే అదీ ఫ్యాను బాపతే, పడుగును ఇంకా ఎండగడుతుంది. చివరికి సంఘం కార్యదర్శి సురేష్ బెంజ్ సర్కిల్‌లో ఆఫీసున్న ఒక కంపెనీని పట్టుకున్నాడు. కీర్తన అనే ఇంజనీరు వచ్చి షెడ్డు వెనక ఖాళీ జాగా అంతా తిరిగి చూసింది.

"పైన ఎండ ఎంత కాసినా లోపలికి పోతే నేల ఒక్క తీరుగానే ఉంటదండి. అక్కడ గొట్టాలు పరిచి నీళ్ళు తిప్పుదాం. ఆ నీళ్ళు మీ రేకుల కింద బిగించే పలకల్లోకి వచ్చి, ఇక్కడి వేడి తీసుకెళ్ళి భూమిలో వదిలేసి మళ్ళీ వస్తాయి. మన డెల్టా నేల తడినేల కాబట్టి వేడి తొందరగా లాగేసుద్ది. గాలి కొట్టదు, పోగు తెగదు."

"అంటే కాళ్ళకున్న సుఖం తలక్కూడా అన్నమాట," అన్నాడు సాంబమూర్తి.

డబ్బు దగ్గర కథ ఆగింది. కంపెనీవాళ్ళే పెట్టుబడి పెట్టి, కరెంటు బిల్లులో మిగిలినదాంట్లోంచి ఏటేటా తీసుకునే పద్ధతి ఒకటుందట. మీ ఏసీ బిల్లు ఎంతొస్తుందని అడిగారు. ఏసీ లేదన్నాడు సురేష్. లేని బిల్లులో మిగిలేది ఏముంటుంది? చల్లదనం అనుభవించినవాడికే చల్లదనానికి అప్పు పుడుతుందని మాకు ఆ రోజు తెలిసింది. ప్రభుత్వ పథకం ఒకటి సగం ఇస్తానంది, మిగతా సగం సంఘం చూపిస్తే. ఆ సగం కోసం మళ్ళీ షావుకార్ల దగ్గరికే వెళ్ళాం.

వాళ్ళలో పెద్ద తిరుపతిరావుగారు. మంచి మనిషే, అడిగితే ఇంకో నాలుగు ఫ్యాన్లు అప్పటికప్పుడు పంపేవారు. గొట్టాలనేసరికి మొహం చిట్లించారు. అయినా మాట తీసెయ్యలేక షెడ్డు దాకా వచ్చారు.

"అంతా భూమిలోకి పోద్దంటున్నారు. మరి మా నాన్నగారి పేరెక్కడ రాస్తారండి?" అన్నారు. అంటూనే తలెత్తి ఫ్యాను వైపు చూపించారు. "అదిగో, ఎంత బాగా కనపడతందో చూడండి."

మేమందరం మగ్గాల్లోకి తలలు దించుకున్నాం. పీట మీద నుంచి సుబ్బరత్నం లేచింది.

"బాగానే కనపడుద్దండి. ఆ ఫ్యాను మేమెప్పుడూ వెయ్యం గనక. వేస్తే పోగు తెగుద్ది. మీరు నొచ్చుకుంటారని ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పలేదు. ఆ పేరు కిందే మా ఆయన పడిపోయాడండి."

తిరుపతిరావుగారు మళ్ళీ తలెత్తి ఆ రెక్క వైపు చూశారు. ఆయనకు కోపం వచ్చిందనుకున్నాం.

సుబ్బరత్నమే మళ్ళీ అంది. "గొట్టాల మీదే రాయిద్దామండి. పూడ్చేముందు అందరూ వచ్చి కొబ్బరికాయ కొట్టి ఫొటో దిగండి. ఆ ఫొటో గోడకి కడతాం."

"ముందే చెప్పి ఉండాల్సిందమ్మా," అన్నారాయన. వెళుతూ వెళుతూ సరేనన్నారు. ఆయన సరేనంటే వన్ టౌన్ సరేనన్నట్టే.

మా నేతగాళ్ళం కూడా చేతనైనంత వేసుకుని ఒక గొట్టం మా వంతు కొన్నాం. దాని మీద ఎవరి పేరు రాయాలన్న ప్రశ్నే రాలేదు, షెడ్డుకు పెద్ద సాంబమూర్తే. పేర్ల పని, ఫ్యాన్ల మీద రాసిన బోర్డుల మాణిక్యానికే అప్పగించాం.

శంకుస్థాపన నాడు షావుకార్లు కార్లలో దిగారు. షెడ్డు వెనక కందకం పక్కన నల్ల గొట్టాలు వరసగా ఉన్నాయి, వాటి మీద తెల్లటి అక్షరాలు. ఎవరి నాన్నని వాళ్ళు వెతుక్కుంటున్నారు. చివరి గొట్టం దగ్గర సుబ్బరత్నం ఆగిపోయింది. దాని మీద కీర్తిశేషులు సాంబమూర్తి అని ఉంది.

మాణిక్యాన్ని అని లాభం లేదు. ఇన్నేళ్ళలో అతను దానాల మీద బతికున్న మనిషి పేరు రాసిన పాపాన పోలేదు. చెయ్యి అలవాటున రాసేసింది. పాపం, కిరసనాయిలు గుడ్డ కోసం పరిగెత్తాడు. సుబ్బరత్నం అప్పటికే కింద కూలబడి ఏడుస్తోంది. ఇన్నాళ్ళుగా బిగబట్టుకున్నదంతా ఆ ఒక్క మాటకి తెగిపోయింది. షావుకార్లు ఎటు చూడాలో తెలియక కొబ్బరికాయల వైపు చూస్తున్నారు.

సాంబమూర్తి నెమ్మదిగా వచ్చి, వంగి, తన పేరు పూర్తిగా చదువుకున్నాడు.

"తుడవొద్దురా మాణిక్యం," అన్నాడు. "బాగా రాశావు. రత్నం, లే. డాక్టరుగారు పోతాడన్న సాంబమూర్తి వీడేనే. వీణ్ణి పూడ్చెయ్యమను. నేను పైన నేసుకుంటా."

ఎవరు ముందు నవ్వారో తెలియదు. తిరుపతిరావుగారే అయి ఉంటారు. మొదటి పార మట్టి ఆయనే వేశారు.

మళ్ళీ మే వచ్చింది. బయట రోడ్డు మీద తారు మెత్తబడింది. షెడ్డులో చల్లగా ఉందని చెప్పను గానీ, చెట్టు కింద కూర్చున్నట్టుంది. ఫ్యాన్లు ఎప్పట్లాగే ఆగి ఉన్నాయి. సాంబమూర్తి గోతిలో కాళ్ళు దించుతూ మడమతో నేలను తట్టాడు.

"కిందవాడు బాగా పనిచేస్తున్నాడే," అన్నాడు.

"నోరు ముయ్యండి," అంది సుబ్బరత్నం.

కాసేపు పీట మీద కూర్చుంది. ఆయన చెయ్యి ఆగింది. తెగిన పోగు అతకడానికి ఆగింది, అంతే. సుబ్బరత్నం తడిగుడ్డ బయటికి తీసుకెళ్ళి పిండి, తీగ మీద ఆరేసి, ఇంటికి వెళ్ళిపోయింది.